ముందు ఊట, తరువాత చెట్టు

(రేడియో ప్రసంగ పాఠము)



ఈ దినము నేను మీతో చెట్ల గురించి మాట్లాడాలని ఆశపడుతున్నాను. అందులోనూ మన నేలది కాని చెట్టు గురించి. ఆ చెట్టు తాగే నీళ్ళ గురించి.

సత్తుపల్లి నుండి అశ్వారావుపేట వైపు బస్సులో వెళ్ళినవారు గమనించే ఉంటారు. రోడ్డుకు రెండు ప్రక్కలా పామాయిల్ తోటలు కనిపిస్తాయి. పెద్ద పెద్ద మట్టలు, వాటి నీడ, మొదళ్ళలో ఎర్రటి గెలలు, ఎంతో చల్లగా, అందంగా ఉంటుంది. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు అశ్వారావుపేట, దమ్మపేట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్ళాయి, సత్తుపల్లి ఖమ్మంలోనే ఉండిపోయింది. అయితే చెట్లకు జిల్లాలతో పని లేదు గదా! ఆ తోటలు దాటి భద్రాచలం వైపు కొంచెం లోపలికి వెళ్తే అడవి మొదలవుతుంది. టేకు, ఇప్ప, తునికి, మధ్య మధ్య తాడిచెట్లు, జీలుగు చెట్లు.

ప్రియులారా, ఒక్క ప్రశ్న అడుగుతాను. అడవి అంచున నిలబడిన తాడిచెట్టుకు నీళ్ళు ఎవరు పోశారు? ఎవరూ పోయలేదు. వాగు ఒడ్డున ఉన్న ఈతచెట్టుకు పాదు ఎవరు తీశారు? ఎవరూ తీయలేదు. అవి ఈ నేలవి. ఈ ఎండకు, ఈ వానకు అలవాటుపడిన చెట్లు. కాని పామాయిల్ చెట్టు అలాటిది కాదు. దాని పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఏడాది పొడవునా వాన కురిసే దేశాల చెట్టు అది. మన దగ్గర ఎండాకాలంలో ఎదిగిన చెట్టుకు రోజుకు సుమారు 200 లీటర్ల నీళ్ళు కావాలి. ఎండ ముదిరితే ఇంకా ఎక్కువే. ఎకరానికి 57 చెట్లు. లెక్క వేయండి. ఒక్క ఎకరానికి రోజుకు 11,400 లీటర్లు!

ఈ లెక్క మనసులో ఉంచుకోండి. మళ్ళీ దాని దగ్గరకు వస్తాను.

1. రాజుల తోటలు

పరాయి దేశపు చెట్లను తెచ్చి పెంచడం ఈనాటి ముచ్చట కాదు. అది మొదట రాజుల ముచ్చట. ప్రసంగి గ్రంథము రెండవ అధ్యాయము చదివినవారికి తెలుసు. అక్కడ రాజు తాను కట్టించిన ఇండ్లను, వేయించిన తోటలను, నాటించిన రకరకాల పండ్ల చెట్లను లెక్కపెట్టుకుంటాడు. ఆ చెట్లకు నీరు పారడానికి చెరువులు కూడా త్రవ్వించాడట. చివరకు అంతా చూసుకొని, ఇదంతా వట్టిదే అని నిట్టూరుస్తాడు.

ఫ్రాన్సు దేశములో పద్నాలుగవ లూయీ అనే రాజు ఉండేవాడు. పారిస్ పట్టణానికి దగ్గరలో వెర్సాయ్ అనే చోట ఆయన కట్టించిన రాజభవనము లోకమంతటా పేరు పొందినది. ఆయనకు నారింజ చెట్లంటే ఎంతో మక్కువ. అసలు నారింజ ఎక్కడిది? మన తూర్పు హిమాలయాల పాదము నుండి చైనా దక్షిణ భాగము వరకు ఉన్న ప్రాంతానిది. చెట్టే కాదు, పేరు కూడా మన దేశము నుండే వెళ్ళింది. సంస్కృతములో నారంగము, పారశీకులకు నారంగ్, అరబ్బులకు నారంజ్, స్పెయిన్ దేశస్థులకు నారంహ, ఇంగ్లీషువారి నోట ఆరెంజ్ అయింది. కాని ఆ చెట్టు అక్కడి చలికి తట్టుకోలేదు. అందుకని రాజు ఏమి చేశాడు? 1684, 1686 సంవత్సరముల మధ్య ఆ చెట్ల కోసమే ఒక పెద్ద రాతి మందిరము కట్టించాడు. నారింజలను, నిమ్మలను పెద్ద పెద్ద చెక్క పెట్టెలలో పెంచి, చలికాలమంతా లోపల దాచి, ఎండలు రాగానే బయటకు తెచ్చి వరుసగా నిలబెట్టేవారు. ఆ పద్ధతి నేటికీ సాగుతున్నది. ఇప్పుడు వాటితో పాటు దానిమ్మలు, తాళ జాతి చెట్లు కూడా ఉన్నాయి. రెండు వందల ఏళ్ళు దాటిన నారింజ చెట్లు కూడా ఉన్నాయంటే ఎంత ఆశ్చర్యం!

అయితే ఆ తోటకు మరొక వైపు కూడా ఉన్నది. లూయీ రాజు దగ్గర ఫూకే అనే ఆర్థికమంత్రి పని చేసేవాడు. ఆయన తోట రాజు తోటకంటే అందంగా ఉండేది. 1661లో రాజు అతనిని చెరలో వేయించాడు. అతని నారింజ చెట్లు రాజు తోటకు చేరాయి! ప్రియులారా, ఈ కథ మీరు ఎక్కడో విన్నట్టు లేదూ? రాజుల మొదటి గ్రంథము 21వ అధ్యాయములో అహాబు రాజు తన నగరును ఆనుకొని ఉన్న నాబోతు ద్రాక్షతోటను కూరగాయల తోట కోసము కోరుకున్నాడు. ఇవ్వనన్న నాబోతు ప్రాణమే పోయింది. రాజభవనము ప్రక్కన ఉన్న తోటలలో ఇలాంటివి ఎన్ని జరిగాయో!

ఇక నీళ్ళ సంగతి. వెర్సాయ్ తోటలో ఊటబొగ్గులు, అంటే ఫౌంటెన్లు, వందల కొద్దీ ఉండేవి. అన్నిటికీ ఒకేసారి చాలినన్ని నీళ్ళు లేవు. అందుచేత రాజు నడిచి వచ్చే దారిలో పనివారు ఈలలు వేసుకుంటూ ముందున్న ఫౌంటెన్ తిప్పేవారు, ఆయన దాటిపోగానే వెనుకది ఆపేవారు. రాజు కన్నులకు మాత్రము తోటంతా నీళ్ళే! చివరకు దూరాన ఉన్న ఓర్ అనే నదిని మళ్ళించాలని 1685లో పని మొదలుపెట్టారు. వేలాది సైనికులను కాలువ త్రవ్వడానికి పెట్టారు. జ్వరాలతో ఎంతోమంది చనిపోయారు. యుద్ధము రావడంతో పని ఆగిపోయింది. ఆ నీరు వెర్సాయ్‌కి ఏనాడూ చేరలేదు. సగము కట్టిన ఆ వారధి గోడలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

దూరదేశపు మాట ఎందుకు? గోల్కొండ అనగానే మన ప్రాంతమువారికి కంచెర్ల గోపన్న చెర గుర్తుకు వస్తుంది. అదే కోటలో నీళ్ళను అంచెలంచెలుగా కొండ మీదికి ఎక్కించి, మట్టి గొట్టాల గుండా పారించేవారు. ఆ గొట్టాల ముక్కలు నేటికీ గోడలలో కనిపిస్తాయి. చూసినవారు రాజుల తెలివిని మెచ్చుకుంటారు. నీళ్ళు తోడిన చేతుల పేర్లు మాత్రము ఎవరికీ గుర్తు లేవు.

2. కనబడని తోడు

పామాయిల్ చెట్టు మన వైపు నడిచి వచ్చిన దారిలో కూడా ఒక రాజభవనము ఉంది. ఇండోనేషియాను డచ్చివారు ఏలుతున్న రోజులలో వారి ముఖ్య పట్టణము బటావియా. అదే ఈనాటి జకార్తా. మన బత్తాయికి ఆ పేరు బటావియా నుండే వచ్చిందని చెబుతారు. ఆ పట్టణానికి దక్షిణాన సుమారు 60 కిలోమీటర్ల దూరములో, ఇప్పుడు బోగోర్ అని పిలిచే ఊరిలో, గవర్నర్ జనరల్ భవనము ఉండేది. దానిని ఆనుకొని 1817లో ఒక వృక్షోద్యానము స్థాపించారు. 1848లో ఆ తోటలో నాలుగు పామాయిల్ మొక్కలు నాటారు. రెండు ఆమ్‌స్టర్‌డామ్ నుండి, రెండు హిందూ మహాసముద్రపు దీవుల వైపు నుండి వచ్చాయి. నాలుగే నాలుగు మొక్కలు! వాటి గింజలు సుమత్రా దీవికి వెళ్ళాయి. అక్కడ పొగాకు తోటల దొరలు వాటిని దారుల ప్రక్కన అందము కొరకు పెంచుకున్నారు. నూనె కోసం పెద్ద ఎత్తున తోటలు వేసింది 1911లో. మలయాలో మొదటి తోట 1917లో. అంటే అరవై ఏళ్ళకు పైగా అది అలంకారపు చెట్టుగానే నిలబడింది.

తోటలు పెరిగాయి గాని ఒక చిక్కు వచ్చింది. గెలలో కాయలు సరిగా కట్టేవి కావు. ఈ చెట్టుకు మగ పూగుత్తి వేరు, ఆడ పూగుత్తి వేరు. ఒకే చెట్టుకు రెండూ వస్తాయి గాని వేర్వేరు సమయములలో వస్తాయి. పుప్పొడిని ఒక చెట్టు నుండి మరొక చెట్టుకు ఎవరో మోసుకుపోవాలి. మలేషియా తోటలలో కూలీలను పెట్టి చేతులతో పుప్పొడి చల్లించేవారు. అది ఎంత ఖర్చో, ఎంత శ్రమో! గాలే ఆ పని చేస్తుందని అందరూ అనుకునేవారు. రహ్మాన్ సయ్యద్ అనే పాకిస్తాన్ దేశపు కీటక శాస్త్రవేత్త ఆఫ్రికాలోని కామెరూన్ వెళ్ళి, ఆ చెట్టు పుట్టింటిలో దాని పూల దగ్గర ఓపికగా కూర్చొని చూశాడు. ఏమి కనబడింది? బియ్యములో పడే ముక్కుపురుగు లాంటి ఒక చిన్న పురుగు. పువ్వు వేసే సోంపు వాసనకు వచ్చి వాలుతుంది. మగ పువ్వులో పుట్టి పెరిగి, ఒంటికి పుప్పొడి పూసుకొని, ఆడ పువ్వు మీదికి ఎగిరి వెళ్తుంది. ఆ పురుగును 1981లో మలేషియా తోటలలో వదిలారు. కొద్ది కాలములోనే గెలలు నిండుగా కట్టాయి. చేతులతో పుప్పొడి చల్లే పని ఆగిపోయింది. 1985లో అదే పురుగును మన దేశానికి తెచ్చి కేరళలో వదిలారు. తరువాత అది మన తోటలకూ వచ్చింది.

ఆలోచించండి! చెట్టును ఓడలో తెచ్చారు, దాని తోడును మరచి వచ్చారు. నూట ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ చెట్టు తన తోడు లేకుండానే పరాయి నేల మీద నిలబడింది. ఇవాళ మన రైతు తన తోటను చూపించి "ఇది నా కష్టార్జితము" అంటాడు. నిజమే. కాని ఆ గెలలో ప్రతి కాయ వెనుకా రైతు ఎన్నడూ పేరైనా అడగని ఒక పురుగు కష్టము కూడా ఉంది.

బత్తాయి సంగతి చూడండి. నల్లగొండ వైపు బత్తాయి తోటలు వేసే రైతులకు ఇది బాగా తెలుసు. నర్సరీలో జంబీరి మొక్కనో, రంగపూర్ నిమ్మ మొక్కనో పెంచి, దాని కాండము మీద బత్తాయి కన్ను అంటు కడతారు. పైన తియ్యని బత్తాయి, క్రింద పుల్లని, మొరటు నిమ్మ జాతి వేరు. బత్తాయి తన సొంత వేరు మీద అయితే తెగుళ్ళకు త్వరగా లొంగిపోతుంది. ఆ మొరటు వేరు నేలలో నిలిచి, నీళ్ళు పీల్చి, పైకి అందిస్తేనే పైన తియ్యదనము. సంతలో డజను ఇంతని బత్తాయి పేరు చెప్పి అమ్ముతారు. జంబీరి పేరు ఎవరైనా చెబుతారా? అది నేలలోనే ఉండిపోతుంది.

ప్రియ సహోదరులారా, పరాయి నేల మీద చెట్టు ఒంటరిగా ఫలించదు. ఎవరో ఒకరు, కంటికి ఆనని చోట నుండి, దానిని మోస్తారు. మనిషి కూడా అంతే. ఈ మాట నాకు పుస్తకాలలో దొరకలేదు. మా సొంత తోటలో, నేను చేసిన ఒక తప్పు ద్వారా తెలిసింది. ఈ దినము అది మీ ఎదుట చెప్పుకోవాలి.

3. చెట్ల వంతు

మా నాన్నగారు కృష్ణా జిల్లా నుండి వలస వచ్చినవారు. అడవి అంచున ఉన్న ఒక పల్లెలో ఐదెకరాలు సాగు చేసేవారు. 1990ల తొలి సంవత్సరములలో ప్రభుత్వము పామాయిల్‌ను ప్రోత్సహించినప్పుడు మా నాన్నగారు కూడా వేశారు. మొదటి గెల కోయాలంటే మూడు నాలుగేళ్ళు ఆగాలి. ఆ నాలుగేళ్ళు ఇంటిలో ఎంత ఇబ్బందో మా అమ్మకే తెలుసు. పెరటిలోని నిమ్మచెట్టు కాయలు సంతకు పంపి ఆమె ఉప్పు, పప్పు తెప్పించిన రోజులు ఉన్నాయి.

మా తోట పని చూసింది ఒక కోయ పెద్దాయన. మా వైపు కోయవారిని గౌరవంగా 'దొర' అని పిలవడం వాడుక. మేమూ అలాగే పిలిచేవాళ్ళము. గుంటలు తీసింది ఆయన, మొక్క నిలబెట్టింది ఆయన, పాదులు చేసింది ఆయన. తోట ఎదిగాక పొడవైన వెదురుకు కత్తి కట్టి గెలలు కోసేది ఆయనే. ఆయన భార్య రాలిన పండ్లు ఏరేది. కోసిన గెల ఒక రోజులోపు ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుంది. కనుక ఆ ఇద్దరూ తెల్లవారకముందే వచ్చేవారు. వారి గూడెము మా తోటకు దిగువన, వాగు ప్రక్కన ఉండేది. వాగు ఎండిపోయినా ఇసుకలో చెలమ తీసి నీళ్ళు ముంచుకునేవారు. ఎన్నో తరాలుగా వారికి ఆ చెలమే ఆధారము.

2002లో వానలు సరిగా పడలేదు. 2003 ఎండాకాలము మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఆ మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రములో ఎంతోమంది చనిపోయారు. మా పాత బోరు ఎండిపోయింది. నాన్నగారు అప్పు చేసి ఇంకా లోతుకు మరొక బోరు వేయించారు. నీళ్ళు పడ్డాయి. ఇంట్లో అందరమూ సంతోషించాము. పది పదిహేను రోజులకు దిగువ గూడెములోని చెలమ ఎండిపోయింది.

మా బోరు వల్లనే ఎండిపోయిందా, ఎండ వల్ల ఎండిపోయిందా అని మా ఇంటిలో వాదించుకున్నాము. ఆ గూడెములో ఎవరూ వాదించలేదు. బిందెలు పట్టుకొని మా బోరు దగ్గరకు వచ్చారు, అంతే.

ఆ రోజులలో సేద్యపు కరెంటు విడతలుగా వచ్చేది, అదీ ఎక్కువగా రాత్రి పూట. నేను సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను. వయసు పదిహేడు. మోటారు వేసి పైపులు మార్చే పని నాది. ఒక రాత్రి పెద్దాయన భార్య రెండు బిందెలు పట్టుకొని వచ్చి నిలబడింది. "బాబూ, రెండు బిందెలు పట్టుకుంటాను" అన్నది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు, ఇంకా రెండు వరుసలు తడవాలి. పైపు తీస్తే మళ్ళీ బిగించాలి. నేను, "ఆగమ్మా, చెట్ల వంతు ఇంకా అవలేదు" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. గట్టు మీద కూర్చుంది. కొంతసేపటికి కరెంటు పోయింది. ఆమె ఖాళీ బిందెలతో లేచి, చీకటిలో దిగువకు నడిచి వెళ్ళింది. ఆ గట్టు దిగుతూ జారిపడి, మణికట్టు విరగగొట్టుకుంది. ఆ సంగతి మాకు తెల్లవారాక తెలిసింది. మాకు చెప్పింది కూడా పెద్దాయనే. గెలలు కోయడానికి ఎప్పటివలెనే వచ్చి, "ఇయ్యాల పండ్లు ఏరే మనిషి లేదు అయ్యగారూ, నేనే ఏరతాను" అన్నాడు. ఎందుకు రాలేదని నాన్నగారు అడిగితే అప్పుడు చెప్పాడు.

ప్రియులారా, మొదట చెప్పిన లెక్క గుర్తుందా? మా ఐదెకరాలకు రోజుకు 57,000 లీటర్లు కావాలి. బిందెకు 15 లీటర్లు అనుకుంటే 3,800 బిందెలు. అందులో ఆమె అడిగినవి రెండు! మూడు వేల ఎనిమిది వందలలో రెండు! నేను అవి ఇవ్వలేదు. నా చేతిలో పైపు ఉన్నది, ఆ రాత్రి అహాబు వలె నిలబడ్డాను. నాకు రాజభవనము లేదు, కిరీటము లేదు. ఐదు హెచ్.పి. మోటారు చాలింది.

మా నాన్నగారు ఆ ఉదయము నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఆమెను బండి మీద ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. సాయంత్రము ఇంటికి వచ్చి, పాత పైపులన్నీ పోగుచేసి, బోరు నుండి గూడెము వరకు లైను వేశారు. చివర ఒక తొట్టి కట్టించారు. కరెంటు రాగానే ముందు ఆ తొట్టి నిండాలి, తరువాతే చెట్లకు. ఆ పని నాకే అప్పగించారు. ఆ ఏడు చివరి రెండు వరుసల చెట్లు బాగా దెబ్బతిన్నాయి. గెలలు చిన్నవయ్యాయి. బోరు అప్పు తీరడానికి ఇంకొక ఏడాది పట్టింది. ఇది అబద్ధము చెప్పి మీకు తియ్యగా చేయలేను. నీళ్ళు పంచుకుంటే నష్టము రాదని నేను చెప్పను. వచ్చింది. ఆ నష్టము మేము భరించాము.

4. ఏలీము నేర్పే క్రమము

నిర్గమకాండము 15వ అధ్యాయము చివరిలో ఒక చిన్న మాట ఉంది. అరణ్యములో దాహముతో నడిచిన జనులు ఏలీము అనే చోటికి వచ్చారు. అక్కడ 12 నీటి ఊటలు, 70 ఈతచెట్లు ఉన్నాయి. ఎన్నో మారులు చదివినా ఆ క్రమాన్ని నేను గమనించలేదు. ముందు ఊటల లెక్క, తరువాత చెట్ల లెక్క. జనులు ఆ నీళ్ళ దగ్గరనే దిగారు. చెట్ల నీడ వారికి దొరికింది. ఊట, చెట్టు, మనిషి, ముగ్గురూ ఒకే చోట. ఎవరి వంతు ఎవరూ లాక్కోలేదు.

ఈ దినము ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, పామాయిల్ ఇంకా పెరగబోతున్నది. మన దేశము తినే వంటనూనెలో సగానికి పైగా బయట దేశాల నుండే కొనుక్కుంటున్నాము. అందుకని 2021లో కేంద్ర ప్రభుత్వము 11,040 కోట్ల రూపాయలతో పామాయిల్ పథకాన్ని ఆమోదించింది. తెలంగాణలో ఎన్నో కొత్త జిల్లాల రైతులు ఈ మొక్క నాటుతున్నారు. వారిలో చాలామంది మన అశ్వారావుపేట, దమ్మపేట తోటలు చూడటానికి వస్తారు. ఇది మంచి పంటే. కోతి, అడవిపంది బెడద తక్కువ, తుఫాను వచ్చినా నిలబడుతుంది, నెలనెలా గెల చేతికి వస్తుంది. నేను చెట్టుకు విరోధిని కాను. నన్ను చదివించింది ఆ చెట్టే. వచ్చిన రైతులకు మనము గెల బరువు చూపిస్తాము, ఫ్యాక్టరీ చూపిస్తాము. దిగువన ఉన్న చెలమను కూడా చూపించాలి.

కనుక తోటలు ఉన్న నా సహోదరులకు మూడు మాటలు చెబుతాను.

మొదటిది, వృథా చేయకండి. కాలువ కట్టి పారించే రోజులు పోయాయి, డ్రిప్పు పెట్టండి. నరికిన మట్టలను తగలబెట్టకుండా ముక్కలు చేసి పాదులలో పరచండి. తేమ నిలుస్తుంది, కొన్నాళ్ళకు అదే ఎరువు అవుతుంది. వాన నీరు ఇంకే గుంటలు తీయండి. తీసుకున్న నేలకు తిరిగి ఇవ్వడం కూడా సేద్యములో భాగమే.

రెండవది, బోరు వేయడానికి ముందు దిగువకు నడిచి వెళ్ళండి. 2002లో వచ్చిన వాల్టా చట్టము ప్రకారము ప్రజలు తాగే నీటి వనరుకు 250 మీటర్ల లోపల ఇష్టము వచ్చినట్టు బోరు వేయకూడదు. చట్టము ఉంది. కాని గూడెములో ఇసుకలో తీసిన చెలమ ఏ రికార్డులో ఉంటుంది? దానిని మీ కాళ్ళతో నడిచి, మీ కళ్ళతో చూడాలి. అక్కడి పెద్దలను అడగాలి.

మూడవది, మీ చెట్టు వెనుక ఉన్నవారిని గుర్తించండి. గెల కోసే చేయి, పండ్లు ఏరే చేయి, గుంట తీసిన చేయి. వలస వచ్చిన మనకు ఈ అడవి అంచున నిలబడడానికి చోటు చూపిన మనుషులు. జంబీరి వేరు మీద బత్తాయి నిలబడినట్టు మనము వారి మీద నిలబడి ఉన్నాము. వేరుకు నీళ్ళు అందకపోతే పైన పండు ఎన్నాళ్ళు ఉంటుంది?

ముగించే ముందు ఒక్క మాట. మా నాన్నగారు ఇప్పుడు లేరు. ఆ పెద్దాయన కూడా లేరు. కిందటి ఎండాకాలము నేను ఆ గూడెమునకు వెళ్ళాను. ఇప్పుడు అక్కడ నల్లా వచ్చింది. పెద్దాయన భార్య ఇంటి ముందర వేపచెట్టు క్రింద కూర్చొని ఉంది. బాగా ముసలిదైపోయింది. నన్ను గుర్తుపట్టి, "బాబూ, ఎండన పడి వచ్చావు" అంటూ లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ చేయి ఇప్పటికీ కొంచెము వంకరగానే ఉంది. ఆ చెంబు అందుకొని నేను వెంటనే తాగలేకపోయాను. ఇరవై ఏళ్ళుగా మనసులో ఉన్న మాట అప్పుడు చెప్పాను. "అమ్మా, ఆ రాత్రి రెండు బిందెలు ఇవ్వకుండా నిన్ను తిప్పి పంపాను. నన్ను క్షమించు" అన్నాను.

ఆమె కాసేపు నా ముఖము వైపు చూసింది. "చెట్లు బతికితేనే గదా బాబూ మాకు కూలి. ఆ సంగతి మాకు తెలవదా? నీళ్ళు తాగు" అన్నది.

ప్రియ శ్రోతలారా, ఆ రాత్రి గట్టు మీద కూర్చొని ఆమె నా చెట్ల గురించి ఆలోచించింది. పైపు పట్టుకొని నిలబడిన నేను ఆమె బిందె గురించి ఆలోచించలేదు. ఇద్దరిలో ఆ తోటను నిజముగా పెంచినది ఎవరో మీరే చెప్పండి.

ఈ సాయంత్రము మీరు మోటారు వేయడానికి వెళ్ళినప్పుడు, మీ బోరుకు దిగువన ఎవరి చెలమ ఉన్నదో ఒక్కసారి తలంచండి. ముందు ఊట, తరువాత చెట్టు. దేవుడు మనకు అట్టి మనసు దయచేయును గాక.